ఓపెన్‌కాస్ట్ గుంత చెరువైన చోట, గ్రోస్‌రేషెన్‌లో

జర్మనీలో ఆదివారం పూట పల్లెటూరికి బస్సు పట్టుకోవడం ఎంత విసుగో అక్కడున్న మనవాళ్లకు చెప్పక్కర్లేదు. లిష్టర్‌ఫెల్డ్‌లో ఎఫ్60 అని ఒక యంత్రం ఉంది. బొగ్గు మీది మట్టిని తవ్వి గుంతకు అవతల పోసే ఇనుప వంతెన, పొడవు 502 మీటర్లు. సింగరేణి ఇంట్లో పుట్టినవాణ్ని, దాన్ని చూడకుండా తిరిగి రావడం ఇష్టం లేకపోయింది. ఫిన్‌స్టర్‌వాల్డె స్టేషన్ బయట చలిగాలిలో ఎంతసేపు నిలబడ్డా బస్సు రాలేదు, టాక్సీవాడు చెప్పిన రేటుకు గోదావరిఖని నుంచి హైదరాబాద్ రెండుసార్లు పోయి రావచ్చు. కాట్‌బస్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు "వదిలెయ్ మామా, గ్రోస్‌రేషెన్ పోదాం, అక్కడ చెరువుంది" అన్నాడు. చెరువు చూడ్డానికా ఇంత దూరం వచ్చింది అని చిరాకేసింది.

కానీ ఆ చెరువు ఒకప్పటి మొయిరో ఓపెన్‌కాస్ట్ గని, అంటే నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీసిన గుంత. 1999లో మూసేశారు. ఒడ్డు నుంచి నీళ్ల మీదికి పొడవాటి ఇనుప వంతెన ఉంది, గనిలో మట్టి పోసే పాత యంత్రం భాగంతోనే చేశారట. నన్ను ఆపేసిన విషయం ఏమిటంటే, నీళ్లు వదలడం మొదలైంది 2007లో, వంతెన కట్టింది అంతకు ముందే. అంటే కొన్నేళ్లపాటు అది ఎండు ఇసుక గుంత మీద నిలబడి ఉంది.

వంతెన చివర బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మేనల్లుడు పలకరించగానే మాటలు మొదలుపెట్టాడు, ఇక ఆగలేదు. బొగ్గు ఇటుకల ఫ్యాక్టరీలో పనిచేశాడట. 1980ల చివర గని కోసం గ్రోస్‌రేషెన్ దక్షిణం వైపు భాగమంతా ఖాళీ చేయించారు, దాదాపు నాలుగు వేల మందిని. అందులో ఈయన ఇల్లూ పోయింది. చేతికర్ర ఎత్తి నీళ్లలో ఒక తెల్ల పడవను చూపించి "దానికి కాస్త ఎడమగా మా వాకిలి" అన్నాడు. కర్ర మొనతో చెక్క పలకల మీద వీధి గీశాడు, బేకరీ ఎక్కడో, మలుపు ఎక్కడో. ఏ గీతా పడలేదు గానీ ఆయన మాత్రం మలుపు దగ్గర ఆగి, చూసుకుని, మళ్లీ గీశాడు.

గనులు ఒక్కసారిగా మూతపడి చేతిలో పని లేని రోజుల్లో, ప్లానర్లు వచ్చి ఇక్కడ పడవలు తిరుగుతాయి, హోటల్ వస్తుంది అని చెబితే మీటింగులో లేచి గొడవ పడ్డానన్నాడు. 2000 నుంచి 2010 దాకా ఐబీఏ (అంతర్జాతీయ నిర్మాణ ప్రదర్శన) అనే పేరుతో ఈ చుట్టుపక్కల లౌజిట్స్ బొగ్గు ప్రాంతమంతా ఏ గుంత ఏం కావాలో ప్లాన్లు గీసి, నమూనాలు పెట్టి, జనాన్ని పిలిచి చూపించారు. ఎఫ్60ని పాత ఇనుముకు అమ్మకుండా మ్యూజియం చేసింది కూడా ఆ కాలంలోనే. ఇప్పుడు ఆ చెరువు వాలు మీద ద్రాక్షతోట కూడా ఉంది! కాఫీ మాత్రం నాలుగు యూరోలు, తాగినంతసేపూ రూపాయల్లోకి మార్చుకుంటూనే ఉన్నాను.

అంతా బాగుందని కాదు. కంచె వెంట నడుస్తుంటే పసుపు బోర్డు మీద 'ప్రాణాపాయం' అని రాసి ఉంది. తిరిగి పోసిన మట్టిలోకి భూగర్భ జలం పైకి వస్తే నేల ఉన్నపళాన బురదలా జారిపోతుంది. 2010లో స్ప్రేటాల్ దగ్గర అలాగే జారి గొర్రెల మంద, లారీలు మునిగాయి. ఆ తర్వాత ఎన్నో చోట్ల జనాన్ని రానివ్వడం మానేశారు. నీళ్లు పుల్లగా, ఆమ్లంగా మారితే పడవల్లోంచి సున్నం కలుపుతారు. గని మూసి పాతికేళ్లయినా ఖర్చు ఆగలేదు, దానికోసం ప్రభుత్వ కంపెనీయే ఒకటుంది.

నాకు మా ఊరే గుర్తొస్తూ ఉంది. బ్లాస్టింగ్‌కు గోడలు పగలడం, ఆరేసిన బట్టల మీద దుమ్ము, ఊరవతల ఏటేటా పెరిగే ఓబీ గుట్ట, అంటే బొగ్గు మీది నుంచి తీసి పోసిన మట్టి గుట్ట. మన దగ్గరా 2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్లాన్ ఉండాలి, దానికి డబ్బు ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప వాడుకోలేని విడి ఖాతాలో, వేయాలి. మేడిపల్లి గని గుంతలో పంప్డ్ స్టోరేజీ (నీళ్లను పైకి తోడి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసే) ప్లాంటు పెట్టాలని సింగరేణి ప్రతిపాదించింది కూడా. మంచిదే, నేను కాదనను. కానీ ఆ కాగితం రాసేటప్పుడు భూములు పోయినవాళ్లు ఆ గదిలో ఉండాలి. మొక్కలు నాటి ఫొటో తీసుకోవడం వేరు, ఆ గుట్ట మీద రేపు ఎవరి పశువులు మేయాలో మాట్లాడుకోవడం వేరు. ఈ పెద్దాయన ఓడిపోయినా సరే, లేచి గొడవ పడే అవకాశమైనా దొరికింది.

రాత్రి బాపుకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వంతెన గురించి, ద్రాక్షల గురించి ఊఁ కొడుతూ విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు, "మరి ఆ చెరువుల చేపలు పడితే ఎవలయిరా, ఊరోళ్లయా, కంపెనీయా?"

ఆ సంగతి కనుక్కోమని మేనల్లుడికి చెప్పి వచ్చాను.