పొంగని బిస్కెట్లు, మినప్పిండి జిగురు

అట్లాంటా శివారులో వయోవృద్ధులు ఉండే ఒక వసతి గృహంలో, తెల్లవారుజామున నాలుగున్నరకు వంటగది తలుపు తీయడం మూడేళ్లుగా నా పని. ఇక్కడి దక్షిణాది వారు బిస్కెట్ అనేది మనం టీలో ముంచుకునే బిళ్ల కాదు. మెత్తని గోధుమ పిండిలో చల్లని వెన్న నలిపి, చిక్కని బటర్‌మిల్క్‌తో కలిపి, ఎక్కువ వేడిలో కాల్చే, చేత్తో విరిస్తే పొరలుగా విడిపోయే రొట్టె. అలబామాలో పుట్టి పెరిగిన ఒక పెద్దావిడకు, గోధుమలోని గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ పేగులకు పడని సీలియాక్ వ్యాధి ఉందని తేలి, గోధుమ పూర్తిగా మానవలసి రావడంతో, చిన్ననాటి నుంచి తింటున్న ఆ ఫలహారం ఆమెకు దూరమైంది. గ్లూటెన్ లేని బిస్కెట్లు చేసే బాధ్యత నాకు అప్పగించారు.

మొదటి వారమంతా అవి అట్టముక్కల్లా వచ్చాయి. బేకింగ్ పౌడర్ పాతబడిందేమోనని చెంచాడు వేడినీళ్లలో వేసి చూస్తే బుసబుసమని పొంగింది, కాబట్టి దోషం దానిది కాదు. ఓవెన్ లోపల వేడిని కొలిచే థర్మామీటరు పెట్టి చూస్తే, మీట 425 ఫారన్‌హీట్ దగ్గర ఉన్నా లోపల 390 కూడా దాటడం లేదు. ఆ తేడా సరిచేశాక రంగు వచ్చింది గాని ఎత్తు రాలేదు.

అసలు కారణం నాకు మన ఇడ్లీ పిండి గుర్తొచ్చాకే తెలిసింది. ఉత్త బియ్యప్పిండిని రాత్రంతా ఉంచినా అది ఇడ్లీలా గుల్లబారదు. పులిసినప్పుడు పుట్టే గాలిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచేది మినప్పిండి జిగురే. గోధుమ పిండిలో ఆ పని గ్లూటెన్ చేస్తుంది. నేను వాడుతున్న బియ్యప్పిండి, కర్రపెండలం పిండి మిశ్రమంలో అలా పట్టి ఉంచేది ఏదీ లేదు, కాబట్టి గాలి పుట్టినంతా పుట్టి, నిలువలేక పోయేది. ఇక్కడ సాధారణంగా జాంథన్ గమ్ అనే జిగురు పొడి వేస్తారు గాని, నాకు ఇసబ్గోల్ పొడి ఎక్కువ నచ్చింది. గుజరాత్‌లో విస్తారంగా పండే ఆ గింజల పొట్టు ఈ దేశపు దుకాణాల్లో సైలియం పేరుతో దొరుకుతుంది. రెండు చెంచాల పొడిని బటర్‌మిల్క్‌లో పది నిమిషాలు నానబెడితే, నానిన సబ్జా గింజల చుట్టూ ఉండే జిగురులా చిక్కబడుతుంది. దానితో 280 గ్రాముల పిండిని కలిపితే ముద్ద చేతిలో విరిగిపోకుండా నిలుస్తుంది.

బియ్యప్పిండి రవ్వలాగా నీటిని నెమ్మదిగా తాగుతుంది గనుక, గోధుమ ముద్ద కన్నా కొంచెం జారుగా కలిపి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. వంటసోడా మజ్జిగలో పడగానే తన గాలినంతా వదిలేస్తుంది కాబట్టి ఈ అరగంట దానికి నష్టం. రెండు విడతలుగా పొంగే బేకింగ్ పౌడర్ మాత్రం రెండో విడతను ఓవెన్ వేడికి దాచిపెడుతుంది, అందుకే నేను నాలుగు చెంచాలు దానినే వేస్తాను. ముద్దను అంగుళం మందాన అరచేత్తో తట్టి, కత్తిని నిట్టనిలువుగా దింపి కోసి, ముక్కలను ఒకదానికొకటి ఆనేలా పేర్చితే, పక్కలకు జారకుండా ఒకదాని ఆసరాతో ఒకటి పైకి లేస్తాయి. మా వంటగదిలో ముప్ఫై ఏళ్లుగా బిస్కెట్లు చేస్తున్న పెద్దవంటావిడ, ముద్దను వేలితో నొక్కి చూసి, "పిండికి ఇంకా దాహం తీరలేదమ్మా" అని చెప్పిన రోజున నేను కొలతల కంటే వేలి స్పర్శను నమ్మడం నేర్చుకున్నాను.

గోధుమ పిండి దుమ్ము గాలిలో చాలాసేపు తేలుతూనే ఉంటుంది. గ్లూటెన్ లేదని ఇక్కడ రాసుకోవాలంటే అది పది లక్షల్లో 20 వంతుల కంటే తక్కువ ఉండాలి. అందుకని ఆమె బిస్కెట్లను విడి ట్రేలో, గోధుమ సంచి విప్పకముందే కాల్చి, మూతపెట్టి పక్కన ఉంచుతాను.

రెండో వారం గురువారం నాడు అవి రెండు అంగుళాల ఎత్తు లేచాయి. పెద్దావిడ ఒకటి విరిచి, ఆవిరి వదిలే దాకా ఆగి, తీపి జొన్న కాడల రసం కాచిన పాకం పోసుకుని మాట్లాడకుండా తిన్నారు. తరువాత ట్రేలో ఇంకెన్ని ఉన్నాయని అడిగారు. అయిదు ఉన్నాయని చెబితే, రెండు తన మధ్యాహ్నానికి తీసి ఉంచమన్నారు.