సొంత డేటాబేస్ డ్రైవరును ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ పరీక్షలకు నిలబెట్టిన నా అనుభవం

మా సంస్థలో ఏళ్ల తరబడి నడుస్తున్న ఒక అంతర్గత డేటాబేస్ సర్వరుకు పైథాన్ డ్రైవరు (ప్రోగ్రాములు ఆ సర్వరుతో మాట్లాడటానికి మధ్యలో ఉండే కోడు) రాసే పని నాకు అప్పగించినప్పుడు, రాయడానికి పట్టిన కాలం కంటే పరీక్షించడానికి పట్టే కాలమే ఎక్కువగా ఉంటుందని నేను ఊహించలేదు. సర్వరుతో పాటు వచ్చే సీ లైబ్రరీని పైథాన్ నుంచి పిలవడం, దాని మీద పైథాన్ డేటాబేస్ డ్రైవర్లకు ప్రమాణమైన పెప్ 249 చెప్పిన కనెక్షన్, కర్సర్ (ప్రశ్నను పంపి ఫలితాలను చదివేది) ఆబ్జెక్టులను కట్టడం మొదటి మెట్టు. ఆ డ్రైవరును ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ (పైథాన్ ప్రోగ్రాములు డేటాబేసులను వాడుకునే వీలు కల్పించే లైబ్రరీ) గుర్తించేలా ఒక డయలెక్టు, అంటే ఆ లైబ్రరీకి మా సర్వరు తీరును తెలిపే కోడు, రాయడం రెండో మెట్టు. ఈ రెండూ పూర్తయ్యాక నేను రాసుకున్న నలభై చిన్న పరీక్షలు నెగ్గాయి కాబట్టి పని ముగిసిందనే నమ్మాను.

అయితే ఎస్‌క్యూఎల్ ఆల్కెమీతో పాటు, బయటివారు రాసే డయలెక్టుల కోసమే తయారుచేసిన ఒక పరీక్షల సంపుటి వస్తుంది. దాన్ని నడపడానికి పెద్ద శ్రమ అక్కరలేదు. డయలెక్టు పేరును నమోదు చేసే ఒక కాన్ఫ్‌టెస్ట్ ఫైలు, సంపుటిని మొత్తంగా దిగుమతి చేసుకునే ఒక పరీక్ష ఫైలు, మన సర్వరుకు ఏవి చేతనవుతాయో ఏవి కావో చెప్పే ఒక రిక్వైర్‌మెంట్స్ క్లాసు ఉంటే చాలు. నమూనా సెటప్ ఫైలులో ఇరవై అయిదు వైఫల్యాలు రాగానే పరుగు ఆపమనే అమరిక ఉంటుంది. నా మొదటి పరుగు రెండు నిమిషాలు తిరగకుండానే అక్కడ ఆగిపోయింది.

రిక్వైర్‌మెంట్స్ క్లాసులో ఒక్కొక్క సామర్థ్యాన్ని ‘ఓపెన్’ అనో ‘క్లోజ్డ్’ అనో ప్రకటించాలి, క్లోజ్డ్ అన్నదానికి సంబంధించిన పరీక్షలు నడవకుండా దాటిపోతాయి. ఓడిన ప్రతిదాన్నీ మూసేస్తే సాయంత్రానికల్లా తెర అంతా పచ్చగా మారుతుందని నాకు తెలుసు, గడువు దగ్గర పడినప్పుడు ఆ ఆశ బలంగానే లాగుతుంది. అందుకే నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను: ఏదైనా మూయాలంటే, అది డ్రైవరు లోపం కాదని, సర్వరుకే ఆ శక్తి లేదని సర్వరు మాన్యువల్‌లో చూసి, ఆ కారణాన్ని పక్కనే కామెంటుగా రాయాలి. సేవ్‌పాయింట్లు (లావాదేవీ మధ్యలో తిరిగి వెళ్లగల గుర్తులు), రెండు దశల కమిట్ (ఒకటికి మించిన సర్వర్లలో ఒకే లావాదేవీని ఖాయం చేసే పద్ధతి) ఇలా న్యాయంగానే మూతపడ్డాయి. మిగిలినవాటిలో చాలా భాగం నా తప్పులే.

మొదటిది దశాంశ సంఖ్యలది. సర్వరు పంపిన విలువను నేను ముందు ఫ్లోటుగా (పెద్ద సంఖ్యలను ఉజ్జాయింపుగా దాచే రకం) మార్చి, ఆపైన అంకెలను కచ్చితంగా ఉంచే డెసిమల్‌గా మారుస్తున్నాను. చిన్న సంఖ్యలకు తేడా కనబడలేదు కానీ 12345678901234567.89 అనే విలువను దాచి తిరిగి చదివితే 12345678901234568 వచ్చింది. పైసలే కాదు, రూపాయి కూడా మారింది. ఈ సర్వరులో ఉండేవి ఖాతా లెక్కలు కాబట్టి ఆ వరుసను చూసినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. విలువను అక్షరాల రూపంలోనే (స్ట్రింగుగా) తీసుకుని నేరుగా డెసిమల్‌కు ఇవ్వడంతో అది సరిపోయింది.

తర్వాతిది రోకౌంటు. ఒక అప్‌డేట్ ఎన్ని వరుసలకు తగిలిందో ఓఆర్ఎంకు (పట్టికలోని వరుసలను పైథాన్ ఆబ్జెక్టులుగా చూపే ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ భాగానికి) తెలియాలి, కానీ మా సర్వరు నిజంగా విలువ మారిన వరుసలను మాత్రమే లెక్కపెడుతుంది. ఉన్న విలువనే మళ్లీ రాస్తే సున్నా వస్తుంది, దాంతో ఆ వరుసను మరెవరో తొలగించారని భావించి ఓఆర్ఎం స్టేల్‌డేటా ఎర్రర్ ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో కూడా ఇదే చిక్కు ఉన్నందువల్ల, దొరికిన వరుసలను లెక్కించమనే సూచనతోనే దాని డయలెక్టు కనెక్షన్ తెరుస్తుంది. మా సీ లైబ్రరీలోనూ అటువంటి సూచన ఒకటి ఉందని ఆ కోడు చదివాకే వెతికి పట్టుకున్నాను.

యూనికోడ్ పరీక్షలు మాత్రం మొదటి పరుగులోనే నెగ్గాయి, కానీ నా మనసు ఒప్పుకోలేదు. వాటిలోని పాఠం ఫ్రెంచిది. అందులో ఎక్కువ అక్షరాలు ఒక్క బైటువే, కాలమ్ వెడల్పు 255. మా పట్టికల్లో ఉండేవి తెలుగు పేర్లు, ఇరవై అక్షరాల కాలములు. ‘శ్రీనివాస్’ అనే పేరును అటువంటి కాలములో ఉంచి చదివాను. యూనికోడ్ లెక్కలో అది పది సంకేతాలు, ఒక్కొక్క తెలుగు సంకేతం యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో మూడు బైట్లు, మొత్తం ముప్పై. చదివిన పాఠాన్ని ఉంచడానికి నేను కేటాయించిన బఫరు కాలమ్ వెడల్పును బట్టి ఇరవై బైట్లు. ‘శ్రీని’ వరకు పద్దెనిమిది బైట్లు సరిగా వచ్చి, ‘వ’లోని మొదటి రెండు బైట్ల దగ్గర తెగిపోవడంతో డీకోడ్ ఎర్రర్ వచ్చింది. బఫరును నాలుగింతలు చేసి, ఈ పేరును మా పరీక్షల్లో శాశ్వతంగా చేర్చాను.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది తెగిన కనెక్షన్ల సంగతి. సంపుటి మొత్తం నెగ్గాక, తెరిచిన కనెక్షన్లను మళ్లీ వాడుకోవడానికి దాచి ఉంచే పూల్‌లో అయిదు కనెక్షన్లు తెరిచి సర్వరును ఆపి మళ్లీ లేపాను. అప్లికేషన్ కోలుకోలేదు, ఎన్నిసార్లు అడిగినా చచ్చిపోయిన కనెక్షన్లే చేతికొచ్చాయి. డయలెక్టులో, లింకు తెగిందో లేదో చెప్పే ఇజ్ డిస్‌కనెక్ట్ అనే ఫంక్షన్ శ్రద్ధగానే రాశాను, కానీ దాన్ని ఎవరూ పిలవడం లేదు. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ లోపలి కోడు చదివితే కారణం తెలిసింది: వచ్చిన ఎక్సెప్షన్ డ్రైవరు ప్రకటించిన ఎర్రర్ క్లాసు సంతానమైతేనే ఆ ఫంక్షన్‌ను పిలుస్తుంది. నేనేమో లింకు తెగినప్పుడు పైథాన్ సొంత కనెక్షన్ ఎర్రర్‌ను లేపుతున్నాను. పైగా లావాదేవీ ఏదీ తెరిచి లేనప్పుడు, దాన్ని రద్దు చేయడానికి ఉన్న నా రోల్‌బ్యాక్ సర్వరుకు ఏమీ పంపదు కాబట్టి, పూల్‌కు కనెక్షన్ తిరిగి వెళ్లేటప్పుడు జరిగే రోల్‌బ్యాక్‌లో కూడా ఆ లోపం బయటపడలేదు.

సీ లైబ్రరీ ఇచ్చే ప్రతి లోప సంకేతాన్నీ పెప్ 249 వర్గాల్లోకి మార్చే పట్టికను ఆ వారం కూర్చుని మళ్లీ రాశాను. లింకుకు సంబంధించినవన్నీ ఆపరేషనల్ ఎర్రర్ కిందికి చేరాయి. తర్వాత సర్వరును ఆపి లేపినప్పుడు మొదటి ప్రశ్న ఒక్కటే విఫలమైంది, పూల్ తన పాత కనెక్షన్లన్నిటినీ వదిలేసింది, రెండో ప్రశ్నకు కొత్త కనెక్షన్ మీద జవాబు వచ్చింది. ఆ పరీక్ష ఇప్పుడు ప్రతి రాత్రి నడుస్తోంది.