ఊపిరి లెక్క నుంచి ‘ఎవరికి?’ దాకా

మనసు నిలవక ధ్యానం మానేసేవాళ్ళకన్నా మోకాళ్ళు నొప్పెట్టి మానేసేవాళ్ళే నాకెక్కువ కనబడ్డారు. అందుకని ముందు కూర్చోవడం సంగతి, తర్వాత ఊపిరి లెక్క, ఆపైన ‘ఈ ఆలోచన ఎవరికి?’ అన్న విచారణ.

నేను వాడేది తుంగచాప, దాని మీద నాలుగు మడతలేసిన దుప్పటి, ఆ పైన పిర్రల కిందికి మాత్రం గట్టి దూది దిండు. బరువు పడ్డాక కూడా ఎత్తు 4, 5 అంగుళాలు మిగలాలి. తుంటి పైకి లేస్తే మోకాళ్ళు వాటంతటవే దిగి చాపకి ఆనతాయి, నడుం నిలబడుతుంది. స్పాంజి దిండు పది నిమిషాలకే అణిగిపోయి వీపు గూనవుతుంది, దాన్ని కొనొద్దు. గీత ఆరో అధ్యాయంలో దర్భ, చర్మం, గుడ్డ పరిచి మరీ ఎత్తూ మరీ పల్లమూ కాని ఆసనం వేసుకోమన్న మాట ఊరికే అన్నది కాదని ఈ దిండుతో తంటాలు పడితే తెలుస్తుంది.

పద్మాసనం కోసం పట్టుబట్టొద్దు, మామూలు బాసింపట్టు చాలు. కాలు తిమ్మిరెక్కేది ఎక్కువగా నరం నొక్కుకుపోవడం వల్ల. చీలమండ కింద తువ్వాలు మడిచి పెడితే చాలావరకు తగ్గిపోతుంది. తిమ్మిరి కాలితో గబుక్కున లేస్తే పాదం మడతపడుద్ది, కాళ్ళు చాపి 2 నిమిషాలు ఆగి లేవాలి. ఇవేవీ కుదరకపోతే కుర్చీ అంచున, వీపు ఆనించకుండా కూర్చోవచ్చు. అందులో తక్కువతనం ఏం లేదు.

వేళ తెల్లారుజాము 4:30. నెల్లూరు ఎండాకాలంలో ఆరున్నర దాటితే జిగటచెమట మొదలు, ఇక ధ్యాస అంతా మెడ మీదే. ఫ్యాను గాలి సూటిగా మొహానికి కొట్టకూడదు, ముక్కు కొసన ఊపిరి తగిలేది తెలియకుండా పోతుంది. దోమల మందు పొగ గొంతుకి పడదు కాబట్టి దోమతెరలోనే కూర్చుంటాను. రాత్రి భోజనం 7:30 లోపు అయిపోవాలి. తొమ్మిదిన్నరకి ఎర్రకారం దోసెలు మూడు లాగించి పడుకుంటే తెల్లారి కూర్చోవడం దండగే: గుండెల్లో మంట ఒకపక్క, ఆవులింతలు ఒకపక్క.

ఇక లెక్క. ఊపిరి వదిలేటప్పుడు ఒకటి, మళ్ళీ వదిలేటప్పుడు రెండు, అట్టా పది దాకా. పది అయ్యాక తిరిగి ఒకటి. ఐదుకు తగ్గకుండా పదికి మించకుండా లెక్కపెట్టమని పాత బౌద్ధ గ్రంథాల్లో ఉంది. మరీ చిన్న లెక్కలో మనసు ఇరుకున పడుతుంది, పెద్ద లెక్కలో అంకెలు నోటికొచ్చిన ఎక్కంలా వాటిపాటికవి నడుస్తాయి. పదిహేడు అన్నప్పుడు తెలివొచ్చిందంటే ఎనిమిది దగ్గరే మనం బయటికెళ్ళిపోయామన్నమాట. మొదటి వారం నాలుగు దాటడమే కష్టం. తప్పిన ప్రతిసారీ ఒకటికి రావాలి, ఏ అంకె దగ్గర తప్పిందో వెతకొద్దు, ఆ వెతుకులాట ఇంకో ఆలోచన.

ఊపిరిని లాగకూడదు, ఉన్నదాన్ని చూడాలంతే. చూస్తున్నామనగానే చాలామంది తెలియకుండానే గట్టిగా పీలుస్తారు. అప్పుడు ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి తల తేలిపోవడం, వేళ్ళ కొసలు జివ్వుమనడం మొదలవుతుంది. దాన్ని కుండలిని, అంటే యోగులు చెప్పే లోపలి శక్తి, లేచిందనుకుని సంబరపడేవాళ్ళూ ఉన్నారు. లెక్క మానేసి రెండు నిమిషాలు మామూలుగా ఊపిరి తీసుకుంటే తగ్గిపోతుంది. మొదటి 3 వారాలు 15 నిమిషాలు చాలు, ఆ తర్వాత వారానికి 5 నిమిషాల చొప్పున 40 దాకా పెంచుకోవచ్చు. ఫోన్లో గంట పెట్టి బోర్లించేయాలి, లేకపోతే ‘ఎంతయిందో’ అన్న ఆలోచనే ఊపిరి కన్నా ఎక్కువసార్లు వస్తుంది.

చప్పుళ్ళ గురించి అందరూ అడుగుతారు. ఐదింటికి గుడి మైకు మొదలవుతుంది, వెనకే పాలబండి, పక్కింటి మోటారు. ఇవేవీ లేని చోటు కావాలని పెన్నొడ్డుకో, రద్దీ లేని రోజు చూసుకుని వెంకయ్యస్వామి ఆశ్రమమున్న గొలగమూడికో వెళ్ళొచ్చు, బాగుంటుంది. ఇంటికొచ్చాక మాత్రం మళ్ళీ అదే మైకు. పాట చెవిన పడితే లెక్క చెడదు, ఆ మైకు పెట్టినోణ్ణి తిట్టుకోవడం మొదలైన క్షణాన చెడుతుంది. ‘వినపడుతోంది’ అని ఒక్క మాట అనుకుని అంకెకి తిరిగొస్తే సరిపోతుంది.

అసలు చిక్కు రెండు మూడు నెలలకి వస్తుంది, పైకి అది చిక్కులా ఉండదు. కూర్చోగానే హాయి, 40 నిమిషాలు ఐదు నిమిషాల్లా గడిచిపోతాయి. సాధన కుదిరిందనుకుంటాం. చాలాసార్లు అది లయ, అంటే మనసు కాసేపు అణిగిపోవడం. రమణ మహర్షి ఉపదేశసారం అనే తన చిన్న రచనలో ఊపిరి కట్టడితో అణిగిన మనసును వలలో చిక్కిన పక్షితో పోల్చారు. లయమైన మనసు మళ్ళీ లేస్తుందని, నశించినదే లేవదని ఆ వెంటనే చెప్పారు. తేడా పట్టడానికి నాకు తెలిసిన గుర్తులు ఇవి: గడ్డం గుండెకి వాలిందా, గంట మోగితే ఉలిక్కిపడ్డామా, మైకులో ఏ పాట నడిచిందో చెప్పలేకపోతున్నామా. ఈ మూడిట్లో రెండు అవునైతే అది కునుకే. కళ్ళు సగం తెరిచి మూడడుగుల ముందు నేలను చూడాలి. అయినా వాలిపోతుంటే లేచి మొహం కడుక్కుని, మిగతా సమయం నిలబడి చేయడమే.

ఇక్కడి నుంచే విచారణ, అంటే ‘నేను’ ఎవరో చూసుకోవడం. నేను 25 నిమిషాలు లెక్క నడిపి తర్వాత వదిలేస్తాను. ఆలోచన వస్తుంది, రానీయాలి. ‘ఇది ఎవరికి వచ్చింది?’ నాకు. ‘ఆ నేను ఎవరు?’ ఇక్కడ ఆగిపోవాలి, బదులు చెప్పకూడదు. ‘నేను ఆత్మని’ అన్నామంటే పుస్తకంలో చదివిన ఇంకో ఆలోచన తగిలినట్టే. ప్రశ్నని మంత్రంలా వందసార్లు తిప్పడం రెండో పొరపాటు. అది జపమవుతుంది, విచారణ అవదు. ప్రశ్న సరిగ్గా పడితే వచ్చిన ఆలోచన సగంలో తెగి, తర్వాతది రావడానికి ముందు చిన్న ఖాళీ కనబడుతుంది. ఏ ఆలోచననీ మనం పిలవలేదని, పిలవకుండానే వస్తున్నాయని, వాటిని చూసేది మాత్రం వాటితో రావడం పోవడం లేదని ఆ ఖాళీలో తెలుస్తుంది. చదివి ఒప్పుకోవడానికీ అట్టా కనబడటానికీ మధ్య చాలా దూరం ఉంది.

రంగులు, వెలుగులు, ఒళ్ళు కొండంత బరువెక్కడం ఇవన్నీ మధ్యలో వచ్చిపోతాయి. యోగానికి తొమ్మిది అడ్డంకుల్లో యోగసూత్రాల పతంజలి భ్రాంతిదర్శనాన్నీ, అంటే ఒకదాన్ని ఇంకోటిగా పొరబడటాన్నీ, చేర్చాడు. ఎవరికీ చెప్పుకోకుండా మళ్ళీ లెక్కకి రావాలి. కానీ కూర్చున్నప్పుడల్లా భయం, గుండెదడ ముంచుకొస్తుంటే సమయం తగ్గించి డాక్టరుకి చూపించుకోవాలి. మందులు వాడుతున్నవాళ్ళు ధ్యానం పేరు చెప్పి వాటిని ఆపకూడదు.

నోటుపుస్తకంలో రోజుకో వరస రాస్తాను: ఎన్నిసార్లు పదికి చేరాను, కునుకు వచ్చిందా లేదా. ఖాళీ ఎంతసేపు ఉందో రాయను, రాయాలనుకుంటే మర్నాడు దానికోసమే కాచుక్కూర్చుంటాం. ఉజ్జాయింపుగా చెప్పాలంటే 40 నిమిషాల్లో ఐదారుసార్లు, ఒక్కోసారి మూణ్ణాలుగు సెకన్లు. అంతసేపూ మైకు వినపడుతూనే ఉంటుంది.