పిడుదుల కాలం నేల మీదే మొదలవుతుంది

పశువు చెవి లోపలి మడత, గంగడోలు, పొదుగు, తోక అడుగుభాగం. పిడుదులను లెక్కించేటప్పుడు నేను ముందుగా తడిమి చూసే చోట్లు ఇవి. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు అచ్చం ఆముదపు గింజలాగే ఉంటుంది. ఆముదపు మొక్క శాస్త్రీయ నామంలోని రిసినస్ అనే మాటకు లాటిన్‌లో పిడుదు అనే అర్థం. అయితే కంటికి ఆనే ఈ గింజలను మాత్రమే లెక్కపెట్టి, ఫలానా నెలలో పిడుదులు ఎక్కువ, ఫలానా నెలలో తక్కువ అని తేల్చేయడం నాకు అంతగా నచ్చదు. ఆవగింజలో సగం కూడా లేని ఆరుకాళ్ళ పిల్ల పిడుదులు చాలావరకు ఆ లెక్కకు అందవు. పశువుల ఎర్ర రక్తకణాల్లో పెరిగే పరాన్నజీవి వల్ల వచ్చే బబీసియా జ్వరాన్ని మోసుకొచ్చేది తల్లి పిడుదు గుడ్ల నుంచి పుట్టిన సంతానమేనని అమెరికా శాస్త్రవేత్తలు స్మిత్, కిల్‌బోర్న్ 1893లోనే నిరూపించారు.

రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే పిడుదు పిల్లగా పశువు ఒంటి మీదికి ఎక్కి, అక్కడే రెండుసార్లు కుబుసం విడిచి, జతకట్టి, సుమారు 3 వారాలకు రక్తంతో నిండి నేలకు రాలుతుంది. రాలిన ఆడది 2,000 నుంచి 4,000 దాకా గుడ్లు పెట్టి చనిపోతుంది. వెచ్చదనమూ తేమా కలిస్తే ఆ గుడ్లు కొన్ని వారాల్లో పిల్లలవుతాయి. గాలి బాగా పొడిబారితే ఎండిపోతాయి. చలి ముదిరితే పొదగడం ఎంతో ఆలస్యమవుతుంది. వానలతో మొదలైన తరం చిన్నదే అయినా దాని మీద మరో తరం, ఆపైన ఇంకొకటి పేరుకుంటూ పోతాయి కనుక, పశువు ఒంటి మీద రద్దీ వానలు మొదలైనప్పుడు కాక, అవి వెనకబట్టే వేళకు కనిపిస్తుంది.

హయలోమా అనటోలికమ్ అనే మరో పిడుదు తీరు వేరు. ఇది పొడి వాతావరణానికి అలవాటు పడినది, పైగా కొట్టం గోడల పగుళ్ళనే ఇల్లు చేసుకుంటుంది. చలికాలమంతా ఆ పగుళ్ళలో తలదాచుకుని, ఎండలు ముదిరేసరికి పెద్ద పిడుదులుగా పశువుల మీదికి చేరుతుంది; ఈ పిడుదు మోసుకొచ్చే థైలేరియా అనే పశువుల జ్వరవ్యాధి వేసవిలో విజృంభించడానికి ఇదే ప్రధాన కారణం. చల్లని దేశాల్లో ఉండే ఇక్సోడిస్ రిసినస్ అనే పిడుదు గడ్డిపరక కొసకు ఎక్కి, ముందుకాళ్ళు చాచి పశువు కోసం కాచుకుంటుంది. ఒళ్ళు ఎండిపోతున్నప్పుడు గడ్డి మొదట్లోని తేమలోకి దిగి, నీటిని కూడదీసుకుని మళ్ళీ ఎక్కుతుంది. ఎండాకాలంలో ఈ ఎక్కిదిగడం దానికి గిట్టుబాటు కాదు కాబట్టి వసంతంలోనూ, కొన్నిచోట్ల మళ్ళీ శరత్తులోనూ అది ఎక్కువగా కనిపిస్తుంది.

పిడుదులు గుత్తులుగా కనిపించాక మందు పిచికారీ చేస్తే అప్పటికే ఎన్నో ఆడవి రాలి గుడ్లు పెట్టేసి ఉంటాయి. తొలి తరం ఇంకా పలచగా ఉన్నప్పుడే మందు వాడడం మేలని నా అభిప్రాయం. నా పుస్తకంలో పశువు ఒంటి లెక్క పక్కన గోడ పగుళ్ళకూ ఒక గడి గీసుకున్నాను. హయలోమా ఉన్న కొట్టంలో చలికాలపు పేజీ తిప్పితే మొదటి గడి దాదాపు ఖాళీ, రెండవది నిండుగా ఉంటుంది.