కంచం ఎందుకు విసిరాడు?

"వీడికి మొండి ఎక్కువ" అనుకుని కూర్చుంటే పని ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. మేధో వైకల్యం ఉన్న పిల్లాడు అన్నం మధ్యలో కంచం విసిరేస్తున్నాడంటే, ఆ విసురుకి వాడికేదో దక్కుతోంది. అదేమిటో ముందు తేలాలి.

నోటు పుస్తకంలో మూడు గడులు గీయండి: అంతకుముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే మీరేం చేశారు. వారం రోజులు, జరిగిన వెంటనే రాయాలి. రాత్రి గుర్తు తెచ్చుకుని రాసింది పనికిరాదు. "అల్లరి చేశాడు" అని కాదు. "7:40. పప్పన్నం నాలుగు ముద్దలు. కంచం తోశాడు. లేపి చేయి కడిగాను." ఇలాంటివి అయిదారు పోగయ్యేసరికి విషయం బయటపడుతుంది: విసరగానే లేవనిస్తున్నారు. వాడి దగ్గర "చాలు" అనే మాట లేదు, కంచం ఉంది.

అయితే ఆ మాటే నేర్పాలి. మూడో ముద్ద కాగానే, విసరకముందే, చేయి పట్టుకుని "చాలు" సైగ చేయించి వెంటనే లేవనివ్వండి. కడుపు నిండదని భయమైతే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. సైగ అలవాటయ్యాక "ఇంకొక్క ముద్ద, అప్పుడు చాలు" అని పెంచుతూ పోవచ్చు. చేయి పట్టుకోవడం కూడా మెల్లగా తగ్గించాలి: ముందు మోచేతి దగ్గర తాకడం, తర్వాత ఉత్త చూపు.

ఒకవేళ విసిరితే తిట్టొద్దు, బతిమాలొద్దు. మాట లేకుండా గ్లాసు ఎత్తి పెట్టడం లాంటి చిన్న పని చేయించి, సైగ చేయించాకే లేవనివ్వండి. మొదటి కొన్ని రోజులు విసురుడు పెరగొచ్చు. చాలా ఇళ్లలో సరిగ్గా అక్కడే బండి ఆగిపోతుంది. మూడో రోజు నానమ్మ మనసు కరిగి లేపేసిందా, ఇంకా గట్టిగా విసిరితే పని జరుగుతుందని వాడు నేర్చుకున్నట్టే. నానమ్మకి నచ్చజెప్పాకే మొదలుపెట్టండి.

అలవాటు లేనివాడు హఠాత్తుగా మొదలుపెడితే పుస్తకం కన్నా ముందు డాక్టరు. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం చెప్పుకోలేక ఇలా చేసేవాళ్లు ఎందరో. తల గోడకేసి కొట్టుకునే పిల్లల్ని మాత్రం "పట్టించుకోకండి" అనే సలహాకి వదిలేయొద్దు. నిపుణులు పక్కన ఉండాల్సిందే.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ 1992లో తెచ్చిన బేసిక్-ఎంఆర్ స్కేల్ (ఇలాంటి పిల్లల నైపుణ్యాలు, ప్రవర్తన అంచనా వేసే జాబితా) రెండో భాగంలో 75 సమస్యా ప్రవర్తనలున్నాయి. మీవాడికి ఇరవైకి టిక్కులు పడినా సరే, ఇప్పటికి కంచం ఒక్కటే పట్టుకోండి.