జగ్‌హెడ్ ఆకలి ఏమైంది?

అక్క అన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. "ఆర్చీని తీసుకెళ్లి హత్యల్లో పడేశారు, బంగారంలాంటి పిల్లల్ని పాడుచేశారు" అని తేల్చేసి పడుకుంది. ఆర్చీ కామిక్స్ పాత్రలతో అమెరికాలో తీసిన టీవీ సిరీస్ 'రివర్‌డేల్' గురించే. అన్నాల దగ్గర వాదన ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు నిద్ర రావట్లేదు.

మొదట్లో నాదీ అదే మాట. ఆబిడ్స్ ఆదివారం పేవ్‌మెంట్ మీద ఆ చిన్న ఆర్చీ డైజెస్టులు ఏరుకున్నవాళ్లకి వేరేలా అనిపించదు. ఐదారు పేజీల కథ. ఆర్చీ ఒకే సాయంత్రానికి బెట్టీకీ వెరోనికాకీ మాటిచ్చేస్తాడు. పాప్ టేట్ కొట్లో వాడి స్నేహితుడు జగ్‌హెడ్ ముందు బర్గర్ల గుట్ట, పక్కనే ఇంకా చెల్లించని బిల్లు. ఆఖరి బొమ్మలో ఆర్చీ వెనక ఆ అమ్మాయిలిద్దరూ పరుగు. పేజీ తిప్పితే అంతా మళ్లీ మొదటికే. ఆర్చీ చెవి పైన జుట్టులో ఆ గళ్ల గుర్తు కూడా చెరగదు. 1941 డిసెంబరు నాటి 'పెప్ కామిక్స్' 22వ సంచికలో పుట్టిన కుర్రాడు దశాబ్దాలు గడిచినా ఎవర్నీ ఎంచుకోలేదు. ఎంచుకోకపోవడమే ఆ కథలకి ఇంజను.

అలాంటిది 2017 జనవరిలో సీడబ్ల్యూ ఛానెల్‌లో మొదటి ఎపిసోడే ఒక శవంతో ముగుస్తుంది. ఆర్చీ బడిలోనే చదివే జేసన్ బ్లాసమ్, నుదుటి మీద తూటా దెబ్బ. పైగా తెల్ల జుట్టు ముడేసుకునే గ్రండీ టీచరమ్మని పడుచు సంగీతం టీచర్ని చేసి ఆర్చీతో సంబంధం అంటగట్టారు. ఇది మాత్రం ఈరోజుకీ మింగుడుపడదు. మైనరు కుర్రాడితో టీచరు చేసిన నేరాన్ని సగం ప్రేమకథలా చూపించి, రెండో సీజన్ మొదట్లోనే ఆవిణ్ణి చంపేసి చేతులు దులుపుకున్నారు.

కానీ చీకటిని తప్పుపట్టడం సరి కాదేమో. సిరీస్ నడిపిన రాబర్టో అగిర్రె-సకాసా ఆర్చీ కంపెనీ మనిషే. 2013లో ఆ కంపెనీయే అతనితో ఒక కామిక్‌లో ఆర్చీ ఊళ్లోకి జాంబీలని దింపించింది, అది బాగుంది కూడా. ఇక్కడా మొదటి సీజన్ గట్టిదే. 13 ఎపిసోడ్లు, ఒకటే ప్రశ్న: జేసన్‌ని చంపిందెవరు? చంపింది కన్నతండ్రి, కారణం మేపుల్ సిరప్ వ్యాపారం చాటున నడిచే మత్తుమందు. ఆ తర్వాతి రెండు సీజన్లూ ఇరవై రెండేసి ఎపిసోడ్లు! రహస్యం తేలిపోతే దాన్ని మించినది కావాలి. ముసుగు హంతకుడు, గార్గాయిల్ కింగ్ అనే రాక్షస వేషగాడు, అవయవాలు దోచే మఠం, ఎలుగుబంటి దాడి, ఆరో సీజన్‌కి ఏకంగా అతీత శక్తులు. చచ్చాడనుకున్న జగ్‌హెడ్ రెండుసార్లు లేచొచ్చాక ఇంకెవరి ప్రాణానికి భయపడతాం?

అన్నిటికన్నా నా బాధ జగ్‌హెడే. సిరీస్‌లో వాడికి ఇల్లు లేదు. డ్రైవ్-ఇన్ సినిమా ప్రొజెక్టర్ గదిలో పడుకుంటాడు, అది మూతపడితే బడిలో మెట్ల కింద గదిలో. తిండిపోతని నవ్వుకున్న కుర్రాడికి అంత తినే కారణం దొరికిన చోటు అది! పాప్ కొట్టే వాడి అసలు ఇల్లని చూపించొచ్చు. చేతికందినదాన్ని వదిలేసి లాప్‌టాప్ ఇచ్చి రచయితని చేశారు, గంభీరమైన గొంతుతో వెనకనుంచి కథ చెప్పించారు.

అక్కకి ఒక్క ఎపిసోడ్ చూపించాలి, నాలుగో సీజన్ మొదటిది. ఆర్చీ తండ్రి ఫ్రెడ్‌గా వేసిన లూక్ పెర్రీ 2019 మార్చిలో పోయాడు. అక్టోబరులో వచ్చిన ఆ ఎపిసోడ్‌లో దోవలో కారు ఆగిపోయిన ఒకావిడకి సాయం చేస్తుంటే ఇంకో కారు గుద్ది ఫ్రెడ్ పోతాడు. దాన్ని పెద్ద మిస్టరీగా సాగదీయలేదు. పిల్లలు వెళ్లి శవాన్ని ఇంటికి తెచ్చుకుంటారు, అంతే. ఆ ఫ్రెడ్ అచ్చం కామిక్స్‌లోని మంచితనమే.

137 ఎపిసోడ్లయ్యాయి. చివరి సీజన్‌లో అందర్నీ 1955కి పంపేసి, ఆర్చీ, బెట్టీ, వెరోనికా, జగ్‌హెడ్ నలుగురూ ఒకరికొకరు అన్నట్టు ముగించారు. ఆర్చీ ఎవర్నీ ఎంచుకోనక్కర్లేదు, అది నాకు నచ్చింది. జగ్‌హెడ్‌కి మాత్రం అక్కడా రాత పనే, అదీ పెప్ కామిక్స్‌లో.