మా ఎంపికలను నీళ్ళే నిర్ణయించాయి

సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో మేముంటున్న రెండు పడకగదుల ఫ్లాటు కట్టి పాతికేళ్ళు దాటింది. ఈ ఏడాది వంటగదినీ స్నానాలగదినీ బాగు చేయించాలని నిశ్చయించుకున్నాక, దుకాణాలకు వెళ్ళే ముందు, పాతవి ఏ కారణంగా పాడయ్యాయో ఒక కాగితం మీద రాసుకున్నాము. సింకు కింద అరల చెక్క ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది, గీజరు ట్యాంకు కారడం మొదలుపెట్టింది, స్నానాలగది నేలలోంచి చెమ్మ కింది ఇంటి పైకప్పుకు దిగింది. ఈ మూడింటికీ కారణం నీళ్ళే. నాలుగోది వంటగట్టు, దాన్ని పాడుచేసింది మాత్రం చింతపులుసు.

పాత గట్టు నల్లని కడప రాయిది. అది సున్నపురాయి జాతి కాబట్టి చింతపండు, నిమ్మకాయ, పెరుగు వంటి పులుపు తగిలిన చోటల్లా మెరుపు పోయి బూడిదరంగు మచ్చ పడుతుంది. ఎంత తోమినా ఆ మచ్చ పోదు, ఎందుకంటే అది అంటుకున్న మరక కాదు, రాయే కరిగిన గుర్తు. పాలరాయిదీ ఇదే గుణం. రోజూ పులుసో చారో కాచే ఇంటికి, ఎంత అందంగా ఉన్నా పాలరాయి గట్టు తగదని నా గట్టి అభిప్రాయం. క్వార్ట్జ్ పలకలు పులుపును తట్టుకుంటాయి గాని, వాటిలో రాతిపొడిని పట్టి ఉంచేది రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురు కనుక పొయ్యి మీది నుంచి దించిన మూకుడును నేరుగా పెట్టకూడదు. అందుకే గ్రానైటుకే మొగ్గాము. దుకాణంలో నల్ల గ్రానైటు ముక్కలు రెండు అడిగి తెచ్చుకుని, వాటి మీద నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా ఉంచాము. తెల్లవారి, రంగును కరిగించే అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే ఒక ముక్క నుంచి దూదికి నలుపు అంటింది. రంగు వేసి నలుపు చేసిన రాయి అన్నమాట. రెండోదే తీసుకున్నాము.

హాల్లోని తాండూరు బండల్ని కూడా తీయించి విట్రిఫైడ్ టైల్స్ వేయించమని చాలామంది సలహా ఇచ్చారు. తాండూరు బండలూ సున్నపురాయే అయినా హాల్లో పులుపు పడే అవకాశం లేదు, వేసవిలో కాలికి చల్లగా ఉంటాయి, అరగదీసి పాలిష్ పట్టిస్తే కొత్తవాటిలా వస్తాయి. వాటిని అలాగే ఉంచాము. ఆ మిగిలిన డబ్బు స్నానాలగది నేలకు వెళ్ళింది.

ఆ నేల విషయంలో నేను దేనికీ రాజీపడలేదు. పాత టైల్స్ మీదే కొత్తవి అతికిస్తే రెండు రోజుల్లో పని అయిపోతుందని మేస్త్రీ అన్నాడు గాని, చెమ్మ దిగే దారి కిందే ఉండగా పైన ఎంత ఖరీదైన టైలు వేసినా కింది ఇంటివారి కష్టం తీరదు. అన్నీ పగలగొట్టించి, వాటర్‌ప్రూఫింగ్ పూతను గోడల మీదికి కూడా అడుగు ఎత్తు వరకు వేయించి, కాలువ మూసి 48 గంటల పాటు నీళ్ళు నిలబెట్టి, కింది ఇంటి పైకప్పు పొడిగా ఉందని వారితోపాటు నిలబడి చూశాకే టైల్స్ వేయనిచ్చాను. అమ్మ మోకాళ్ళను దృష్టిలో పెట్టుకుని జారని గరుకు టైల్స్ ఎంచుకున్నాము. టైల్స్ మధ్య సందులు పూడ్చడానికి సిమెంటు గ్రౌటు కాక నీళ్ళు పీల్చని ఎపాక్సీ గ్రౌటు వాడాము.

సింకు కింద అరలకు, తడిని బాగా తట్టుకునే మెరైన్ రకమని తెలిపే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ తీసుకున్నాము. సాధారణ వాడకానికి ఉద్దేశించిన ఐఎస్ 303 రకం పడకగది బీరువాకు చాలు. దానికీ దీనికీ ధరలో తేడా ఉంది కనుక ఇల్లంతా ఖరీదైనదే వాడనవసరం లేదు. అయితే ఏ ప్లైవుడ్ అయినా కోసిన అంచుల నుంచే నీళ్ళు పీలుస్తుంది; వడ్రంగి పక్కనే ఉండి అన్ని అంచులూ మూయించాము.

ఫ్రిజ్జు ఎంపిక తేలికగానే జరిగింది: కరెంటు పొదుపును చూపే నక్షత్రాల ప్రమాణాలు కాలక్రమంలో కఠినమవుతాయి గనుక, నక్షత్రాల సంఖ్య కన్నా లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాసి ఉందో చూశాము.

గీజరుకే ఎక్కువ ఆలోచించవలసి వచ్చింది. వేసవిలో జలమండలి నీళ్ళు చాలక మా సంపులో బోరు నీళ్ళు కలుస్తాయి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గట్టిపడి కాయిల్ మీద పొరకడతాయి. వేడి ఎంత ఎక్కువైతే పొర అంత త్వరగా పెరుగుతుంది. 25 లీటర్లది కొనమన్నారు గాని లెక్క వేసి చూస్తే, 60 డిగ్రీల నీళ్ళు 15 లీటర్లకు 25 డిగ్రీల చన్నీళ్ళు కలుపుకుంటే స్నానానికి సరిపడే 40 డిగ్రీల నీళ్ళు సుమారు 35 లీటర్లు, అంటే దాదాపు రెండు బకెట్లు వస్తాయి. అందుకు పట్టే కరెంటు సుమారు 0.6 యూనిట్లు. ఒకరి తరువాత ఒకరం స్నానం చేసే మాకు 15 లీటర్లే చాలు. గాజుపూత ట్యాంకు ఉన్నది చూసి తీసుకున్నాము. ట్యాంకుకు బదులు తానే అరిగిపోయి దాన్ని తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ లోపల ఉంటుంది. పాత గీజరులో దాన్ని మేము ఒక్కసారి కూడా మార్పించలేదు. ఈసారి బిగించిన రోజునే, కడ్డీని తీయించి చూడవలసిన తేదీని పెయింటుతో గీజరు పక్క గోడ మీద రాయించాను.